ఈద్ తర్వాత కుట్టేస్తరంట

మొన్న సంతోష్‌నగర్‌లో అమ్మకు మాత్రలు తీసుకుందామని ఒక మందుల దుకాణం ముందు నిలబడ్డాను. నా ముందున్న పెద్దమనిషి గల్లా మీదికి వంగి ఏదో మెల్లగా అడిగాడు. దుకాణదారుకు వినపడలేదు. మళ్ళీ అడిగాడు. దుకాణదారు లోపలివైపు తిరిగి, "కడుపుకు అంటిచ్చే లెట్రిన్ సంచులు ఉన్నయా మన దగ్గర?" అని గట్టిగా కేకేశాడు. అక్కడున్నవాళ్ళందరూ ఆ మనిషి కడుపువైపు చూశారు. నేనూ చూశాను. లోపలి నుంచి జవాబు వచ్చేలోగా ఆయన మెట్లు దిగి, బండ్ల మధ్య నుంచి రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

ఆ నడక నేను ఎరిగిందే. ఎడమ చెయ్యి పొట్టకు అడ్డం పెట్టుకుని, ఎవరూ తగలకుండా గోడవైపు ఒరిగి నడిచే నడక. మా చిచ్చా చివరి ఏడాది అట్లాగే నడిచాడు.

చిచ్చా అంటే రక్తసంబంధం కాదు. యాకుత్‌పురా స్టేషన్ వెనక మా బర్రెల కొట్టం. రెండు గల్లీల అవతల ఆయన ఇల్లు. షేర్వానీలు కుట్టే దర్జీ. వాళ్ళమ్మది నల్గొండ వైపు కాబట్టి ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఉర్దూ. మా నాన్న కాలం నుంచి వాళ్ళింట్లో మా పాలే. నేను డిగ్రీ చదివి కొన్నాళ్ళు ఒక ఆఫీసులో కూర్చుని, నాన్న మంచాన పడ్డాక మళ్ళీ పాల క్యాన్ల దగ్గరికే వచ్చాను. ఆయన్ని రోజూ చూడటం అప్పటి నుంచి మొదలైంది.

చూడటం అనేకంటే ఆయన ముందు పరీక్షకు నిలబడటం అనాలి. పొద్దుటి నమాజు ముగించుకుని వచ్చి గుమ్మంలో గిన్నెతో ఎదురుచూసేవాడు. ఆ గిన్నె వాళ్ళావిడ తోమి బోర్లించిందే. అయినా నల్లా కింద మళ్ళీ కడిగి, వెలుతురుకు పట్టి తిప్పి చూసి, అప్పుడు నా ముందు పెట్టేవాడు. తర్వాత నా చేతులవైపు చూసేవాడు.

"కడుక్కున్నవా?"

"కడుక్కున్న చిచ్చా."

"సాబన్‌తోనా, ఉత్త నీళ్ళతోనా?"

సబ్బుతోనే అన్నా నమ్మకం కుదిరేది కాదు. "సగం దీన్ సఫాయిలనే ఉంది బేటా. ఆ సగం చేతిల ఉంటె మిగిలిన సగానికి ఫికర్ లేదు" అనేవాడు, దీన్ అంటే ధర్మమని తనే అర్థం చెప్పి. నేను అన్నిటికీ నవ్వేవాణ్ణి.

తెల్ల లాల్చీ, తెల్ల పైజమా. చెవి మడతలో అత్తరు అద్దిన దూది. వానాకాలంలో మా గల్లీ మురుగుతో నిండితే, రాయి మీది నుంచి రాయి మీదికి పిల్లిలా అడుగులేసి మసీదుకు పోయి, అంచుకు ఒక్క చుక్క అంటకుండా తిరిగొచ్చేవాడు. ఎవరో ఆయన గోడ మీద పాన్ ఉమ్మితే వాళ్ళతో లొల్లి పెట్టుకోలేదు, తనే సున్నం కలుపుకుని వేసుకున్నాడు. పెళ్ళి దావత్‌లకు తన గ్లాసు తనే గుడ్డలో చుట్టి తీసుకుపోయేవాడు. జనం ఆయన ముందే నవ్వేవారు, ఆయన కూడా వాళ్ళతో కలిసి నవ్వి, తన గ్లాసులోనే నీళ్ళు తాగేవాడు.

కొలత తీసేటప్పుడు మాత్రం ఈ దూరాలేమీ ఉండేవి కావు. పెళ్ళికొడుకును ఎదురుగా నిలబెట్టి, టేపును వీపు వెనక నుంచి తిప్పడానికి రెండు చేతులతో దాదాపు కౌగిలించుకునేవాడు. నుదురు ఆ కుర్రాడి ఛాతీకి తగిలేంత దగ్గరగా. కుర్రాళ్ళు సిగ్గుతో ఊపిరి బిగబట్టేవారు. "వదులు దూల్హే మియా, ఊపిరి వదులు. గిప్పటినుంచే ఆపుకుంటే జిందగీ ఎట్ల ఎల్లదీస్తవ్?" అనేవాడు. నవ్వుతో వాళ్ళ ఒళ్ళు సడలేది. సరిగ్గా ఆ క్షణంలో కొలత పట్టేసేవాడు.

ఆయనకు మలంలో రక్తం పడుతోందని ఇంట్లో ఎవరికీ చాలాకాలం తెలియలేదు. వాళ్ళావిడను నేను చాచీ అంటాను. ఆమె తర్వాత ఒకరోజు చెప్పింది, ఆయన సఫాయే ఆయన్ని ముంచిందని. ఎక్కడైనా మచ్చ కనపడితే గదా మేం అడిగేది అంది. తన బట్టలు తనే ఉతుక్కునేవాడు, తను వాడిన చోటు తనే కడుక్కునేవాడు. మొలలనుకుని ఎవరో హకీం దగ్గర పొడి తెచ్చుకుని చప్పుడు లేకుండా మింగాడు. మనిషి సగమై, కత్తెర పట్టిన చెయ్యి వణికినప్పుడు కొడుకు బలవంతంగా ఆసుపత్రికి తీసుకుపోయాడు.

పేగు చివర్న గడ్డ, మంచిది కాదన్నారు. ఆ భాగమంతా తీసెయ్యాలి, మలం బయటికి రావడానికి పొట్ట మీద దారి పెట్టాలి, దానికి సంచి తగిలించుకోవాలి. ఇది వినగానే ఆయన లేచి ఇంటికి వచ్చేశాడు. ఇన్నాళ్ళు బతికింది చాలు, పాక్‌గా, మైల అంటకుండా పోతానన్నాడు. రెండు వారాలు ఇంట్లో అందరూ బతిమాలారు. ఆఖరికి కొడుకు ఒక కబురు తెచ్చాడు. వాడు కొరియర్ ఆఫీసులో పనిచేస్తాడు, నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. పాలు పోస్తూ నేను గుమ్మంలోనే ఉన్నాను, నాకూ వినపడింది.

"డాక్టర్‌ను మళ్ళ అడిగిన అబ్బా. థైలీ కొన్ని నెలలేనంట. లోపల పుండు మానినంక, ఈద్ తర్వాత మూసి కుట్టేస్తరంట."

ఆయన మనసును కుదిపింది ఆ చివరి మాటే అనుకుంటాను. కుట్టెయ్యడం ఆయనకు తెలిసిన పని. గోడవైపు తిరిగి, "అట్లయితే సరే" అన్నాడు. నేను కూడా నమ్మాను.

ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక చాచీయే తలుపు తీసేది. ఆయన వరండాలో చెక్క తఖ్త్ మీద, ఒక పిర్ర కింద మాత్రం దిండు పెట్టుకుని, ఒకవైపు వాలి కూర్చునేవాడు. కింద దారి మూసి కుట్టిన చోట పూర్తిగా కూర్చోనిచ్చేది కాదు. అత్తరు చెవిలో దూదికి ఆగలేదు, ఇప్పుడు ఇల్లంతా అదే. నేను గడపలో అడుగు పెట్టగానే ముందు ఆ ప్రశ్న వచ్చేది.

"వాసనొస్తుందా?"

రాలేదనేవాణ్ణి. నిజంగానే వచ్చేది కాదు. ఆయన నా మొహంలోకి చూస్తూ ఉండేవాడు, ముక్కు దగ్గర ఏమైనా కదులుతుందేమోనని. ఎవరు వచ్చినా అదే ప్రశ్న, అదే చూపు. కొన్నాళ్ళకు జనం రావడం తగ్గించారు. వాసనకు కాదు, ఆ చూపుకు.

సంచి మార్చడం ఆసుపత్రిలో చాచీకి కూడా నేర్పారు. ఆమెను ఒక్కసారి కూడా దగ్గరికి రానియ్యలేదు. బాత్‌రూమ్ గడియ పెట్టుకుని పొద్దున పొద్దున గంటలకొద్దీ లోపలే ఉండేవాడు. నీళ్ళ చప్పుడు ఆగేది, మళ్ళీ మొదలయ్యేది. చుట్టూ చర్మం ఎర్రగా ఒలిచినట్టయింది, మందు పూస్తానన్నా వినడు అని ఆమె పరదా వెనక నుంచి నాకు చెప్పి ఏడ్చింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన మాసిన రుమాలు కూడా తను చూడలేదట. ఇప్పుడు పడక కూడా వరండాలోకి మార్చుకున్నాడట.

దాని గురించి ఆయన నాతో ఒకసారే మాట్లాడాడు. "ఎర్రగ ఉంటది బేటా, గులాబీ మొగ్గ తీర్గ. ముట్టుకుంటె తెల్వది. గిల్లినా తెల్వది. నా పేగే, నా పానంలదే, గని నన్ను అడగది. నేను అల్లా పేరు తీస్తుంటె అది దాని కూత అది కూస్తది."

ఆ కూత వల్లే మసీదు పోయింది. ముందు వరుసలో ఇమాం వెనకనే నిలబడే మనిషి. ఒక మధ్యాహ్నం నమాజులో, అందరూ మౌనంగా ఉన్నప్పుడు, పొట్ట మీద గాలి చప్పుడైంది. ఎవరూ తిరిగి చూడలేదు. నమాజులో తిరిగి చూడకూడదు కదా. కానీ మర్నాటి నుంచి ఆయన వెనక వరుసకు వెళ్ళాడు. తర్వాత వరండాలో చెప్పుల పక్కకు. తర్వాత ఇంట్లోనే.

ఇమాం సాబ్ స్వయంగా ఇంటికి వచ్చారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. చాలా మంచిగా చెప్పారు. జబ్బున్నవాళ్ళకు దీన్‌లో రియాయతీ, సడలింపు ఉంది, ప్రతి నమాజుకూ కొత్తగా మొహం, కాళ్ళు చేతులు కడుక్కుని వజూ చేసుకుంటే చాలు, మీ చోటు మీకే ఉంది, రండి అన్నారు. చిచ్చా అంతా విని, చాయ్ ఇప్పించి, ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. వెనక్కి వచ్చి కూర్చుంటూ నాతో అన్నాడు:

"ఆయన సచ్చే చెప్పిండు. అల్లా ఎప్పుడో మాఫ్ చేసిండు. నాతోనే అయితలేదు."

దిండు సర్దుకుంటూ, "నువ్వు పుట్టినకాడ్నుంచి పేడలనే ఉన్నవ్ గదా. ఆ వాసన నీకు ఎట్ల పోయింది?" అని అడిగాడు.

వెక్కిరింత అనుకున్నాను. ఆయన మొహంలో వెక్కిరింత లేదు. తెలుసుకోవాలనే అడుగుతున్నాడు.

"పోలేదు చిచ్చా. పట్టించుకునుడు బందయింది. నాకు ఎప్పుడు బందయిందో కూడ యాదిలేదు" అన్నాను.

ఆయన తల ఊపాడు. "చిన్నప్పుడే అయినట్టుంది. నాకు ఆలస్యమైపోయింది" అన్నాడు. "ఏం కాదు. ఈద్ తర్వాత కుట్టేస్తరు."

కొలతలకు వచ్చినవాళ్ళకు కూడా అదే మాట. కుట్టేసినంక రండి, అప్పుడు కుడతా. టేపు, కత్తెర, వేలికి తొడుక్కునే ఇత్తడి అంగుస్తానా అన్నీ గుడ్డలో చుట్టి అలమారలో పెట్టించాడు. పాలు కూడా మానేశాడు, పాలతో గాలి ఎక్కువవుతుందని. పొయ్యడానికి పాలు లేకపోయినా నేను పోతూనే ఉన్నాను.

ఈద్ వచ్చింది, పోయింది. ఒక వారం చూసి, తనే బయల్దేరాడు. కొడుక్కి సెలవు దొరకలేదన్నారు. నేను ఆటో మాట్లాడి తీసుకుపోయాను. తెల్ల లాల్చీ ఇస్త్రీ చేయించుకుని, దానిపైన వేసవి ఎండలో కూడా కోటు వేసుకున్నాడు. ఆసుపత్రిలో సంచులు చూసే నర్సు, నడివయసామె, ఆయన చర్మం చూసి, గట్టిగా రుద్దొద్దని మందలించి, కొత్త పట్టీ ఎట్లా అంటించాలో చూపించింది. అంతా అయ్యాక ఆయన లాల్చీ సర్దుకుంటూ, పెళ్ళి తేదీ అడిగినట్టు అడిగాడు.

"మరి ఇది కుట్టుడు ఎప్పుడమ్మా?"

ఆమెకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాడు. ఆమె నావైపు చూసింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది.

"పెద్దాయనా, ఇది మూసేది కాదు. మీకు కింద దారి మొత్తం తీసేసిన్రు. ఇది ఎప్పటికీ ఉంటది. మస్తుమంది ఉన్నరు గిట్ల, పనులు చేసుకుంటున్నరు, పెళ్ళిళ్ళకు పోతున్నరు. మీకు ముందే చెప్పి ఉంటరు గదా."

"చెప్పిన్రు" అన్నాడు చిచ్చా. "చెప్పిన్రు, నేనే మరిచిన."

తిరుగు దారిలో డబీర్‌పురా వంతెన దగ్గర బండ్లు ఆగిపోయాయి. ఆయన బయటికే చూస్తున్నాడు. చెమటకు కోటు వీపు నల్లగా తడిసింది. ఆటో మళ్ళీ కదిలాక అన్నాడు:

"మా వానికి ఎరుకే. ఆ మాట చెప్పిన రోజు నా మొకం చూడలే వాడు."

నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"వానితోటి అనకు. నాకు తెలిసిందని ఎన్నడూ అనకు. నన్ను బతికించుకోనీకి ఆడిండు ఆ అబద్ధం. పాపం, అది వానికి ఎంత బరువైందో."

ఆ సాయంత్రం నేను అక్కడే ఉండగానే కొడుకు వచ్చాడు. డాక్టర్ ఏమన్నాడని అడిగాడు. ఆయన తాపీగా, లోపల ఇంకా మానలేదంట, ఇంకో ఈద్ అయ్యాక కుట్టేస్తరంట అన్నాడు. కొడుకు ఒక క్షణం నిలబడి, అట్లనే చేద్దాం అబ్బా అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో తండ్రీ కొడుకులు ఆ మాటను ఒకరికొకరు అందించుకుంటూ వచ్చారు. వినడం నాకు కష్టంగా ఉండేది.

ఒక మంచి రోజు కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు. మా తమ్ముడి పెళ్ళి కుదిరింది. ఆ సంగతి చెబితే ఆయన అలమార తీయించి టేపు తెమ్మన్నాడు. "ఇంక ఎవని కోసం ఆగాలె? రా, నీకు కుడతా" అన్నాడు. పొట్ట మీదికి తెల్లగుడ్డతో ఒక ఒర కుట్టుకున్నాడని అప్పుడే చూశాను. థైలీ అందులో ఇమిడిపోయేటట్టు, నడుముకు నాడాలతో, షేర్వానీ కాలరుకు వేసేంత సన్నటి కుట్టుతో. చాచీ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె మొహంలో చాలా నెలల తర్వాత వెలుగు కనపడింది.

భుజాలు తీశాడు. చెయ్యి పొడవు తీశాడు. నెంబర్లు పైకే అనుకుంటున్నాడు, పాత లెక్కనే. తర్వాత ఛాతీ కొలతకు టేపు నా వీపు వెనక నుంచి తిప్పడానికి రెండు చేతులూ చాచి దగ్గరికి వచ్చాడు. మా ఇద్దరి మధ్య ఆ సంచి నొక్కుకుంది. వెచ్చగా ఉంది. ఆయనకు దాని స్పర్శ తెలియదు, నాకు తెలిసింది. నేను కదల్లేదు. ఊపిరి కూడా తియ్యలేదు. అదే తప్పయింది. నేను బిగబట్టిన ఊపిరి ఆయన చేతులకు తెలిసిపోయింది. జీవితమంతా మనుషుల ఊపిరి పట్టుకున్న చేతులవి.

వదులు అనలేదు. టేపు మెల్లగా వెనక్కి తీసుకుని, చుట్ట చుట్టి, చాచీ చేతికిచ్చాడు.

"సిగ్గుతో ఆపిన చిచ్చా, వేరే ఏం లేదు" అన్నాను.

"తెలుసు బేటా. నీ తప్పేం లేదు" అన్నాడు. ఇంకెవరికీ కొలత తియ్యలేదు. ఆ ఒర మాత్రం రోజూ ఉతికి దండెం మీద, లోపలి తాడుకు, ఎవరికీ కనపడకుండా ఆరేసుకునేవాడు.

ఆ తర్వాత తిండి తగ్గింది. మొదట ఎక్కడికైనా పోవాల్సిన రోజు తినేవాడు కాదు, సంచి నిండకుండా. తర్వాత ఎవరైనా వచ్చే రోజు. ఎక్కడికీ పోకుండా, ఎవరూ రాకుండా అయ్యాక కూడా అలవాటు మిగిలిపోయింది. చాచీ ఖిచిడీ కలిపి పెడితే రెండు ముద్దలు తిని పక్కకు పెట్టేవాడు. జబ్బు కాలేయానికి చేరిందని ఆసుపత్రిలో చెప్పారు. ఆకలి చచ్చిపోవడం అందుకేనన్నారు. కావచ్చు. కానీ ఆమె నాతో అన్న మాట వేరు: "ఆకలైతది ఆయనకు. వంటింట్ల నుంచి వాసనొస్తె ఇటు తిరుగుతడు. నోట్లె పెట్టుకోడు." ఆమె తినమని కాళ్ళు పట్టుకుందట. అప్పుడు మాత్రం ఆయన ఏడ్చాడట. తిన్నది ఏమైతదో చూడలేకపోతున్నా అన్నాడట.

చివరి వారాల్లో మంచం మీద కూడా లాల్చీ తెల్లగానే ఉంది. నన్ను చూసి వాసన గురించి అడగడం మానేశాడు. అది నయమైన గుర్తేమోనని ఆశపడ్డాను. కాదు, అడిగే ఓపిక లేకనే.

ఒక మధ్యాహ్నం, గల్లీలో కరెంటు పోయి అందరూ గుమ్మాల్లో కూర్చున్న వేళ, కబురు వచ్చింది. నేను వెళ్ళేసరికి స్నానానికి నీళ్ళు పెట్టారు. చనిపోయినవాళ్ళకు స్నానం చేయించడానికి మసీదు నుంచి అలవాటైన మనుషులు వస్తారు. బయటివాళ్ళు వద్దని ఆయన చాచీతో ముందే చెప్పి ఉంచాడట. అందుకని ఇమాం సాబ్ తోడు రాగా కొడుకే ఆ పని చేశాడు. వరండాకు దుప్పటి అడ్డం కట్టారు. నేను ఇవతల నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు, మధ్యమధ్య ఇమాం సాబ్ మెల్లగా ఏదో చదవడం వినపడుతున్నాయి. చాచీ లోపలి గదిలో ఆడవాళ్ళ మధ్య ఉంది.

కొడుకు మోచేతుల దాకా తడిసి బయటికి వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"మస్తు సాఫ్ ఉన్నడన్నా అబ్బా" అన్నాడు. "థైలీ ఖాళీ. కడగనీకి ఏం లేకుండె."

ఎన్నో రోజులుగా కడుపులోకి ఏదీ పోనియ్యని మనిషి సంచిలో ఏముంటుంది?

వాడు తన చేతులవైపే చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"ఒక్కటి చెప్పన్నా. ఆ రోజు దవాఖానకు నువ్వే తీస్కపోయినవ్ గదా. అది మూసేది కాదని అబ్బాకు తెలిసిందా?"

దుప్పటి అవతల ఇమాం సాబ్ చదవడం ఆపారు.

"లేదు" అన్నాను. "ఈద్ తర్వాత కుట్టేస్తరనే అనుకున్నడు. ఆఖరి దాంక గదే నమ్మకం."

వాడు రెండు తడిచేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో ఎక్కడో ఒక ముడి విడిపోవడం నాకు వినపడింది. లోపలి నుంచి కఫన్ గుడ్డ పట్టడానికి ఇంకో మనిషి కావాలని పిలిచారు. వాడు భుజంతో మొహం తుడుచుకుని, దుప్పటి ఎత్తి లోపలికి వెళ్ళాడు.